కుక్కరు మూత తెలిసిన చేతికి జీపు మూత ఒక లెక్కా!

ఈ వారం వంటింట్లోంచి కాస్త వాకిట్లోకి వద్దాం రండి. పొయ్యి మీద పులుసేదైనా మరుగుతుంటే మంట తగ్గించి మరీ రండి. కబురు కాస్త పొడుగే.

నర్సీపట్నం వైపు నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. కొండవారగా వాళ్లకి జీడిమామిడి తోట ఉందట, ఇంట్లో ఇరవై అయిదేళ్ల నాటి జీపు ఉందట. "అక్కయ్యగారూ! మా జీపు కింద రోజూ పచ్చటి చుక్కలు పడుతున్నాయి. వారానికి రెండుసార్లు రేడియేటర్లో నీళ్లు పోస్తున్నాం. మెకానిక్కు ఇంజిను విప్పాలంటున్నాడు. ఆ ఖర్చుకి భయపడి మావారు బండిని పాత ఇనుముకి ఇచ్చేద్దామంటున్నారు. ఆ జీపే లేకపోతే మా జీడిపిక్కల బస్తా రోడ్డెక్కదు, వానాకాలంలో పిల్లలు వాగు దాటి బడికి పోలేరు. ఆడదానికేం తెలుసని నన్నెవరూ అడగలేదు. మీరైనా చెప్పండి" అని.

చెల్లెమ్మా! ఎవరూ అడగలేదన్నారు చూడండి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నన్నూ ఎవరూ అడగలేదు, 2019 ఏప్రిల్లో మా మరిది జీపు మారేడుమిల్లి ఘాట్‌లో ఆవిర్లు కక్కేదాకా.

మా మరిది వాళ్లది గోకవరం దగ్గర పల్లెటూరు. వాళ్ల జీపూ ఇంచుమించు మీ జీపు వయసుదే. కంకర బాటలు, వాగులు, దుక్కి దున్నిన చేలు ఏవైనా ఎక్కేస్తుంది గానీ, పెద్దవాళ్లకి కీళ్ల నొప్పుల్లా దానికి ఎప్పుడూ నీళ్ల జబ్బే. ఎక్కడికి బయల్దేరినా ముందు సీటు కింద రెండు నీళ్ల క్యాన్లు ఉండాల్సిందే. "పాత బండి కదా, తాగుతుంది" అనేవాడు మా మరిది. పాత బండైతే మాత్రం, తాగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? అడగాలని నాకూ తోచలేదు లెండి.

చింతూరులో మా తోటికోడలి అక్కగారి మనవరాలి పెళ్లి. రంపచోడవరం దాటి, మారేడుమిల్లి దాటి ఘాట్ ఎక్కాం. మా మరిది కొడుకు నడుపుతున్నాడు, ఇరవై ఏళ్ల కుర్రాడు. మిట్టమధ్యాహ్నం, రెండో గేరు మీద మూలుగుతూ ఎక్కుతోంది బండి. ఉన్నట్టుండి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది, బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి. పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, భుజం మీది తువ్వాలు రేడియేటర్ మూత మీద వేసి తిప్పబోయాడు వాడు.

"ఒరేయ్, ఆగు! ఆవిరి దిగకుండానే కుక్కరు మూత తీస్తావట్రా?" అని నేను పెట్టిన కేకకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పెద్దమ్మా, ఇది కుక్కరు కాదు, రేడియేటరు" అన్నాడు నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. ఎడమ చెంప నుంచి మెడ దాకా చర్మం అంతా ముడుచుకుపోయి ఉండేది. పిల్లలం చూసి భయపడితే, "పాపం, రేడియేటర్ మూత తీశాడమ్మా" అని చెప్పేది మా అమ్మ. అంతకన్నా ఆ మూత గురించి నాకేమీ తెలియదు అప్పటికి. ఆ మెడ మాత్రం కళ్లముందుకొచ్చింది.

తర్వాత తెలుసుకున్నాక అర్థమైంది, నా నోట్లోంచి ఊరికే వచ్చిన ఆ కుక్కరు మాట ఎంత నిజమో. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించి ఆవిరిని లోపలే అణిచిపెడితే ఇంకా వేడెక్కితే గాని మరగవు. మన వంటింటి కుక్కర్లో బరువు లేచే సరికి లోపల దాదాపు 120 డిగ్రీలుంటుంది, అందుకే కందిపప్పు అంత త్వరగా మెత్తబడుతుంది. జీపు రేడియేటర్ మూత చేసే పనీ అదే. కుక్కరు బరువుకి బదులు దీనికి ఒక స్ప్రింగు, మన గ్యాస్కెట్టుకి బదులు ఒక రబ్బరు వాషరు. కుక్కరు ఒత్తిడి 15 పౌండ్లయితే పాత జీపుల మూతలు అందులో సగానికే పని చేస్తాయి. ఆ అంకె మూత మీదే కొట్టి ఉంటుంది. 7 పౌండ్ల మూత సరిగ్గా బిగిస్తే లోపలి నీళ్లు 111 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. ఘాట్ ఎక్కే ఇంజినుకి ఆ పదకొండు డిగ్రీలే ప్రాణం.

ఇప్పుడు ఆ మూత ఒక్కసారిగా తీశారనుకోండి. లోపల 105 డిగ్రీల్లో ఉన్న నీళ్లకి ఒత్తిడి పోయింది. ఒక్క క్షణంలో మరిగి, కొంత ఆవిరై, మూత దగ్గరున్న మనిషి ముఖం మీదికే ఎగదన్నుతుంది. తువ్వాలు దాన్ని ఆపలేదు.

మరేం చేయాలంటారా? ఇంజిను ఆపేసి, బండికి దూరంగా చెట్టు కింద కూర్చోండి. పై హోసు పైపుని చేత్తో పట్టుకుంటే చురుక్కుమనకుండా ఉండేంత చల్లారాలి. మాకు ముప్పావుగంట పట్టింది. అప్పుడైనా మూత మీద మడత పెట్టిన గుడ్డ వేసి, ముఖం పక్కకి తిప్పుకుని, మొదటి మెట్టు దాకా తిప్పి ఆగాలి. బుస్సుమనే శబ్దం పూర్తిగా పోయాకే కిందికి నొక్కి తీయాలి. నీళ్లు గుమ్మరించకూడదు. కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే పెళ్లుమంటుందే, ఇంజినూ పోత ఇనుమేగా, బీటలిస్తుంది. గ్లాసుడు గ్లాసుడు చొప్పున ఓపిగ్గా పోయాలి.

ఆ ముప్పావుగంటలో ఒక లారీ ఆగింది. డ్రైవరు దిగొచ్చి వంగి చూసి, "గుప్పెడు పసుపు వేసెయ్యండమ్మా, కారేది ఆగిపోద్ది" అన్నాడు. పసుపా! మా తోటికోడలి సంచిలో పెళ్లికని తీసుకెళ్తున్న పసుపు కేజీ ఉంది. "పెళ్లి పసుపు రేడియేటర్లోనా అక్కా!" అని సంచి గుండెలకి హత్తుకుంది. అందరం నవ్వాం గానీ, ఆ డ్రైవరు చెప్పింది ఉత్త మాటేం కాదు. రేడియేటర్లో సూది బెజ్జమంత చిల్లి పడితే పసుపు నీటికి ఉబ్బి ఆ బెజ్జంలో కూరుకుని కాసేపు ఆపుతుంది. చాలామంది డ్రైవర్లకి తెలిసిన చిట్కా ఇది. కాకపోతే చిల్లిని పూడ్చిన పసుపు, రేడియేటర్లో ఉండే సన్నటి గొట్టాల్ని మాత్రం వదులుతుందా? ఇల్లు చేరడానికి గత్యంతరం లేనప్పుడు సరే. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా ఈ సలహా ఇస్తే, ఆ పసుపు పులిహోరలో వేయండి.

అదీగాక మా జీపుకి కారుతున్నది రేడియేటరు కాదు. ఆవిరి తగ్గాక చూస్తే, కింది హోసు పైపు క్లిప్పు దగ్గర తడిగా మెరుస్తోంది. పనిముట్ల పెట్టెలో పాత సైకిలు ట్యూబు ముక్క ఉంటే, దాన్ని సాగదీసి సాగదీసి ఆ చోట బిగించి చుట్టి, మెల్లగా చింతూరు చేరాం. తాళి కట్టడం అయిపోయింది, భోజనాలు అందాయి.

అసలు కథ తిరిగొచ్చాక మొదలైంది. మెకానిక్కు వచ్చి, ఆవిర్ల సంగతి విని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "హెడ్ గ్యాస్కెట్ పోయిందండి అమ్మగారూ. హెడ్డు దింపాలి. ఇరవై వేలు ఉంచుకోండి" అన్నాడు. మా మరిది ముఖం వాడిపోయింది. అప్పుడే మీ ఇంట్లోలాగే అమ్మేద్దామన్న మాటా వచ్చింది. ఆ మెకానిక్కుని నేను తప్పు పట్టను. గ్యాస్కెట్లు పోయిన బండ్లు రోజూ చూసేవాడికి అదే తోస్తుంది. కాని అన్నం మెతుకు పట్టి చూడకుండా ఉడికిందని చెప్పం కదా మనం!

ఆ మెతుకు పట్టి చూడటం ఇలాగ. ఇంజిను పూర్తిగా చల్లగా ఉన్న పొద్దుటిపూట, ఆయిలు పుల్ల బయటికి తీసి చూడండి. ఆయిలు నల్లగా ఉంటే మంచిదే. పాలు ఎక్కువైన కాఫీ రంగులో చిక్కగా ఉంటే ఆయిల్లోకి నీళ్లు చేరుతున్నట్టు. తర్వాత రేడియేటర్ మూత తీసి పక్కన పెట్టి, ఒకరిని ఇంజిను స్టార్టు చేయమని, దూరంగా నిలబడి నీళ్లలోకి చూడండి. ఎసట్లో లేచినట్టు బుడగలు ఆగకుండా వస్తుంటే మెకానిక్కు చెప్పింది నిజమన్నమాట. వెనక పొగ గొట్టంలోంచి, ఇంజిను వేడెక్కాక కూడా తెల్లటి పొగ తీయటి వాసనతో వస్తూనే ఉంటే అదీ ఆ జబ్బు లక్షణమే. మా జీపుకి ఈ మూడూ లేవు. ఆయిలు కాటుకలా నల్లగా ఉంది.

ఒక్క మాట, దీన్ని మాత్రం మరవకండి. బానెట్ ఎత్తి ఉన్నప్పుడు ఇంజిను స్టార్టు చేస్తుంటే కొంగు బొడ్లో దోపుకోండి, జడ ముడేసుకోండి, పంజాబీ డ్రెస్సులవాళ్లు దుపట్టా తీసి ఇంట్లో పెట్టి రండి. రేడియేటర్ వెనకే ఫ్యాను తిరుగుతుంది. జీపుల్లో అది ఇంజినుతో పాటే తిరుగుతుంది గానీ, కొత్త కార్లలో ఇంజిను ఆపాక కూడా వేడికి దానంతటది తిరగొచ్చు.

ఇక కారేది ఎక్కడో పట్టుకోవడం. రాత్రి బండి నిలిపాక ముందు చక్రాల నుంచి డ్రైవరు సీటు దాకా పాత పేపర్లు పరిచాను. పొద్దున్నే చూస్తే రేడియేటర్ కింద రూపాయి బిళ్లంత పచ్చటి మరక. పచ్చగా ఉండటం అదృష్టం, అది కూలెంటు రంగు. ఆయిలైతే నల్లగా, జిడ్డుగా ఉంటుంది. కూలెంటు మన వాడకాన్ని బట్టి ఎర్రగానో నీలంగానో కూడా ఉండొచ్చు, మీరు ఏ రంగు పోశారో గుర్తుంటే చాలు. అయితే చుక్క పడ్డ చోటే కారిందనుకోవద్దు. పెంకుటింట్లో కన్నం ఒకచోట, చుక్క ఇంకోచోట కదూ! చుక్క నుంచి వేలితో పైకి తడుముకుంటూ వెళ్లాలి. కూలెంటు కారి ఆరిపోయిన చోట తెల్లగానో పచ్చగానో పొర కడుతుంది, బోరునీళ్ల కుళాయి మూతికి కట్టినట్టు. ఆ పొర ఎక్కడ మొదలైతే అక్కడే జబ్బు.

హోసు పైపుల్ని చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. నొక్కితే కాస్త ఎదురు తిరిగి మళ్లీ నిండుగా లేవాలి. మగ్గిన అరటిపండులా మెత్తగా పోతున్నా, కర్రలా బిగుసుకున్నా, వంచితే సన్నటి పగుళ్లు కనబడుతున్నా దానికి కాలం తీరింది. మా కింది హోసు క్లిప్పు కింద చుట్టూ తెగి ఉంది. ఎన్నేళ్ల నుంచో కారినప్పుడల్లా ఎవరో ఒకరు క్లిప్పు ఇంకొంచెం బిగించారు. బిగించి బిగించి ఆ ఇనప పట్టీయే రబ్బరుని కోసేసింది.

దాన్ని మార్చింది నేనూ మా మరిది కొడుకూ. రేడియేటర్ అడుగున చిన్న కుళాయి ఉంటుంది, దాని కింద బేసిను పెట్టి నీళ్లు దింపాం. పాత హోసు పట్టు వదల్లేదు. వాడు స్క్రూడ్రైవరుతో పెకలించబోతే వద్దన్నాను. రేడియేటర్ మూతి ఇత్తడిది, అతుకు దగ్గర ఊడిందంటే అప్పుడు నిజంగానే ఖర్చు. బ్లేడుతో హోసుని నిలువునా చీరితే ఒలిచిన తొక్కలా వచ్చేసింది. మూతిని గరుకు కాగితంతో శుభ్రం చేసి, కొత్త హోసు ఎక్కించి, కొత్త క్లిప్పు బిగించాం. పాత హోసు లోపల తీగ చుట్ట ఉందేమో చూసి, ఉంటే కొత్తదాంట్లోనూ ఉండాలి. లేకపోతే పంపు పీల్చినప్పుడు పైపు అతుక్కుపోతుంది. బండి ఒకసారి వేడెక్కి చల్లారాక క్లిప్పులు మళ్లీ ఒక తిప్పు బిగించాలి.

ఈ సందట్లో ఒక గండం తప్పింది. కూలెంటు నింపిన బేసిను పక్కన పెట్టి పనిలో మునిగాం. వాళ్ల కుక్క వచ్చి మూతి పెట్టబోతుంటే మా తోటికోడలు చూసి తరిమింది. కూలెంటు చాలావాటిలో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్. నాలిక్కి తియ్యగా ఉంటుంది, కడుపులోకి పోతే విషం. మూత్రపిండాలు పాడై ప్రాణం పోతుంది. కుక్కలూ పిల్లులే కాదు, పసిపిల్లలూ ఆ తీపికి ఆశపడతారు. దింపిన వెంటనే మూత పెట్టాలి. మిగిలింది కూల్‌డ్రింకు సీసాల్లో పోసి అటక మీద దాచే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, దయచేసి మానేయండి. ఆ బేసిను మళ్లీ బియ్యం కడగడానికి రానివ్వద్దు. పెరట్లో పారబోయకుండా మెకానిక్కు షెడ్డులో ఇచ్చేయండి. బిడ్డ ఎవరైనా ఒక గుక్క తాగారని అనుమానం వచ్చినా సరే, చిట్కాలు వెతక్కుండా ఆ డబ్బా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తండి.

మళ్లీ నింపేటప్పుడు బోరునీళ్లు వద్దు. కేటిలు అడుగున కట్టే సున్నమే రేడియేటర్లోనూ కడుతుంది. కూలెంటు సగం, బ్యాటరీలకి పోసే డిస్టిల్డు వాటరు సగం కలిపి పోశాం. మన ఊళ్లో గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంటెందుకు అంటారు కొందరు. తుప్పు పట్టకుండా అండి. మూత తీసే ఉంచి ఇంజిను నిదానంగా తిరగనిస్తే, థర్మోస్టాటు ఉన్న బండికి దాదాపు 80 డిగ్రీలు దాటాక అది తెరుచుకుని, నూతిలో ముంచిన బిందెలా గుడగుడమని గాలి వదిలి మట్టం దిగుతుంది. దిగినంతా నింపి మూత పెట్టాలి. (సున్నం కట్టిందని చింతపండు రసం పోస్తానని మా తోటికోడలు సిద్ధపడింది, రాగి చెంబు అనుకుని! పోయనివ్వలేదు.)

అయిపోయిందనుకున్నాం. పేపర్ల మీద ఒక్క మరక లేదు. కాని వారం తిరిగేసరికి మళ్లీ మట్టం తగ్గింది! "చూశావా వదినా, మెకానిక్కే కరెక్టు" అన్నాడు మా మరిది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదంటే నమ్మండి. ఇంట్లో కారడం లేదు, ఆయిల్లోకి పోవడం లేదు, బుడగలు లేవు. మరి?

మూడోరోజు పొద్దున్న మా ఇంట్లో కుక్కరు కూత వేయలేదు. మూత పక్కనుంచి సుయ్యిమని ఆవిరి పోతూనే ఉంది. తీసి చూస్తే గ్యాస్కెట్టు గట్టిపడి పగుళ్లిచ్చింది. చేతిలో ఆ రబ్బరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెంటనే మరిది కొడుక్కి ఫోన్ చేసి, బండి చల్లగా ఉంది కదా, రేడియేటర్ మూత తీసి వెనక్కి తిప్పి చూడరా అన్నాను. "పెద్దమ్మా, రబ్బరు సగం లేదు" అన్నాడు.

అదీ సంగతి. మూత ఒత్తిడి పట్టడం లేదు. ఊళ్లో తిరిగినంతసేపూ ఏమీ లేదు. తోట మిట్ట ఎక్కి ఇంజిను వేడెక్కితే చాలు, నీళ్లు ముందే మరిగి పక్కనున్న సన్నగొట్టం గుండా రోడ్డు మీదికి పోతున్నాయి. కొత్త కార్లకైతే ఆ గొట్టం చివర ఒక డబ్బా ఉండి పోయిన నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి. మా పాత జీపుకి డబ్బా లేదు, పోయింది పోయినట్టే. ఇంటికొచ్చాక పేపరు మీద మరక ఎలా పడుతుంది! పాతదాని మీదున్న అంకే ఉన్న కొత్త మూత తెప్పించాం. ఎక్కువ పౌండ్లది వేస్తే ఇంకా మంచిది కదా అని కొట్టువాడు అన్నాడట. పాత రేడియేటర్ అతుకులు ఆ ఒత్తిడికి ఆగవు, వద్దన్నాను. రెండు హోసులు, నాలుగు క్లిప్పులు, కూలెంటు, మూత అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది.

అన్నీ మన చేతుల్లో పనులని చెప్పను. వాటర్ పంపు అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి చుక్కలు పడితే లోపలి సీలు పోయినట్టు, అది మెకానిక్కు పనే. రేడియేటర్ అతుకు కారితే రేడియేటర్ షాపులో మాటు వేయించాలి. ఆయిలు కాఫీ రంగులో ఉంటే బండిని కదపనే కదపొద్దు.

చెల్లెమ్మా, మీ జీపు కింద పచ్చటి చుక్కలు సరిగ్గా ఎక్కడ పడుతున్నాయో మీరు రాయలేదు. ఈ రాత్రికి పేపర్లు పరచండి. పొద్దున్నే ఆయిలు పుల్ల తీసి రంగు చూడండి, మూత వెనక రబ్బరు ఎలా ఉందో చూడండి. మరక పడ్డ పేపరు మీద ముందు చక్రాలు ఎటువైపో గీసి మడిచి నాకు పంపండి. ఈలోగా పాత ఇనుము బేరగాడు వస్తే, పదిహేను రోజులాగి రమ్మనండి.